పసికంఠమున ఊపిరి త్రోవ

అప్పుడే పుట్టిన బిడ్డ ఏడ్చినప్పుడు ఆ గదిలోని వారందరును నవ్వుదురు. ఆ ఏడుపు కొరకే మంత్రసాని చెవియొగ్గి నిలుచును. అది వినబడనిచో బిడ్డ వీపు రుద్దును, అరికాలిపై చిటికె వేయును. ఏడుపనగా మరేమియు కాదు, ఊపిరి స్వరపేటికను తాకి ధ్వనియై వెలువడుటయే. మాటను బ్రతుకుతెరువుగా చేసికొన్న మావంటి వారికి ఈ సంగతి బాగుగా తెలియును. మైక్రోఫోను ముందు పెద్ద వాక్యమెత్తుకొని, నడుమ ఊపిరి చాలక తడబడిన దినములు నాకును కలవు. అయితే నేడు చెప్పబోవునది పెద్దల ఊపిరిని గూర్చి కాదు. గొంతు దిగువ చిన్న రంధ్రము చేసి గొట్టమమర్చిన కారణమున, నోరు తెరచి ఎంత ఏడ్చినను చప్పుడు వెలువడని పసివారిని గూర్చి. ఆ చికిత్స రెండు వందల యేండ్లుగా నడచివచ్చిన దారిని గూర్చి. అందు మన హైదరాబాదునకు గల పాలును గూర్చి.

మొదట ఒక కొలత చెప్పవలెను. క్రొత్తగా పుట్టిన శిశువు శ్వాసనాళపు లోపలి వెడల్పు 4 లేక 5 మిల్లీమీటర్లు. పలకపై వ్రాయు బలపము కూడ అంతకంటె లావుగా నుండును. జలుబు చేసి ఆ నాళపు లోపలి పొర చుట్టును ఒక్క మిల్లీమీటరు వాచినదనుకొందము. పెద్దవానికైనచో గొంతు బొంగురుపోవును. మిరియాల కషాయము త్రాగి పనికి పోవును. శిశువునకు 4 మిల్లీమీటర్ల త్రోవ 2 మిల్లీమీటర్లగును. వెడల్పు సగమైనప్పుడు గాలి పారెడి చోటు సగము కాదు, నాల్గవ వంతే మిగులును. అప్పుడే డొక్కలెగురుట, మెడక్రింది గుంట లోనికి పోవుట, పెదవులు నీలి రంగు తిరుగుట కనబడును. ఆ నాల్గవ వంతు త్రోవను కాపాడుటకు మనుష్యులు పడిన పాట్లే ఈ చరిత్ర.

ఈ నాళమునకు వచ్చెడి ఆపదలలో పూర్వము మిక్కిలి ఘోరమైనది కంఠసర్పి. డిఫ్తీరియా యనినను అదియే. గొంతులో బూడిద రంగు తోలు వంటి పొర యేర్పడి క్రిందికి ప్రాకును. అందువలననే కాబోలు మనవారు దానిని సర్పముతో పోల్చిరి. 1807 మే నెలలో నెపోలియను చక్రవర్తి తమ్ముని కొడుకు, నాలుగేండ్ల బాలుడు, హేగ్ నగరమున ఇట్టి గొంతు జబ్బుతోనే మరణించెను. చక్రవర్తికి అప్పటికి ధర్మపత్ని యందు సంతానము లేదు. సింహాసనము ఆ బాలునికి దక్కునని పలువురు తలచుచుండిరి. ఈ వ్యాధిని గూర్చి ఉత్తమ గ్రంథము వ్రాసిన వారికి గొప్ప బహుమానమిత్తునని నెపోలియను ప్రకటించెను. గ్రంథములు వచ్చినవి, బహుమానమును పంచిరి. పిల్లలు మాత్రము మునుపటివలెనే మరణించుచుండిరి.

అసలు పని ఫ్రాన్సు దేశములో తూర్ అను చిన్న నగరమున జరిగినది. అచటి వైద్యుడు పియెర్ బ్రెతొన్నో 1825లో తన మిత్రుని కూతురు, నాలుగేండ్ల పిల్ల, కంఠసర్పితో ఊపిరాడక కన్నులు తేలవేయుచుండగా, మెడ ముందుభాగమున శ్వాసనాళమును కోసి అందొక వెండి గొట్టము నిలిపెను. అంతకు మున్ను ఆయన చేసిన ప్రయత్నములు విఫలములైనవి. ఈ పిల్ల బ్రతికెను. మరుసటి యేడు వ్యాధికి డిఫ్తీరియాకు మూలమైన పేరు పెట్టినవాడును ఆయనయే. ఆయన శిష్యుడు త్రూసో పారిస్ నగరమున ఈ శస్త్రచికిత్సను వందల పిల్లలకు చేసెను. ఇంచుమించు నలుగురిలో ఒకరు బ్రతికిరి. నేడు మనకిది చిన్న లెక్కగా తోచవచ్చును. నలుగురును తప్పక పోవలసిన కాలమున ఒక్కరు మిగులుట తల్లులకు చిన్న లెక్క కాదు.

త్రూసో వ్రాతలలో వైద్యులు నేటికిని మెచ్చుకొనునది ఆయన కోత కోసిన తీరు కాదు, కోసిన పిమ్మట తీసికొన్న జాగ్రత్తలు. గొట్టములోనికి పోవు గాలి ముక్కు గుండా పోవు గాలివలె వెచ్చగను తడిగను ఉండదు. కఫము ఎండి గడ్డకట్టి గొట్టమును మూయును. అందువలన ఒక గొట్టములో మరియొక గొట్టమమర్చి, లోపలిదానిని తీసి, కడిగి, మరల పెట్టుచుండెడివారు. గొట్టము ముందు పలుచని బట్ట కప్పెడివారు. పగలనక రేయనక ఒక మనిషి మంచము ప్రక్కన కూర్చుండవలెను. కత్తిపని కొన్ని నిమిషములది, కాపలాపని దినముల తరబడి సాగునది. ఈ వాక్యమును గుర్తుంచుకొనుడు. మాదాపూరు చేరునప్పటికి మరల దీని పని పడును.

ఐరోపాలో ఇట్లు జరుగుచున్న రోజులలో మన నగరమున ఏమి జరుగుచుండెను? 1846లో నాల్గవ అసఫ్‌జా నాసిరుద్దౌలా కాలమున, రెసిడెన్సీ సర్జను మెక్లీన్ పర్యవేక్షణలో హైదరాబాదు వైద్య పాఠశాల స్థాపింపబడెను. అందు బోధన ఉర్దూలో సాగెను. నలుబది యేండ్ల పిమ్మట ఆ పాఠశాలకు అధిపతిగా వచ్చిన ఎడ్వర్డ్ లారీ పట్టుదల గలవాడు, కొంత మొండివాడు కూడ. క్లోరోఫారము మత్తులో రోగి మరణించినచో ముందు ఆగునది గుండెయా, ఊపిరియా యను ప్రశ్న అప్పుడు వైద్య ప్రపంచమును రెండుగా చీల్చియుండెను. ఊపిరియే ముందాగుననియు, మత్తిచ్చువాడు నాడి పట్టుకొని కూర్చుండక ఛాతీ వైపు చూడవలెననియు లారీ వాదించెను. దీనిని తేల్చుటకు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను ధనసహాయముతో 1888లో ఒకటి, 1889లో మరియొకటి, రెండు క్లోరోఫారము విచారణ సంఘములు హైదరాబాదులో పనిచేసెను. రెండవదానికి లండను నుండి లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు స్వయముగా వచ్చెను. ఆ వ్యయమునకు నిజాము వేయి పౌనులొసగెను. ప్రపంచ వైద్య పత్రికలలో ఆ రోజులలో మన నగరము పేరు మారుమ్రోగినది. ఆ పాఠశాలలోనే 1885లో చేరిన పార్శీ వనిత రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫారమిచ్చుటలో నిపుణురాలయ్యెను. ఆ పనిని వృత్తిగా చేపట్టిన స్త్రీలలో లోకమున ఆమెయే మొదటిదని చెప్పుదురు. 1909లో ఆమె పై చదువులకు ఎడిన్‌బరో వెళ్లెను.

లారీ వాదము పూర్తిగా నిలువలేదు. మత్తు తేలికగా నున్నప్పుడు క్లోరోఫారము గుండెను హఠాత్తుగా ఆపివేయగలదని 1911లో లీవీ అను ఆంగ్ల వైద్యుడు నిరూపించెను. అయినను మత్తు వైద్యుడు అనుక్షణము ఊపిరిని కనిపెట్టి యుండవలెనను లారీ మాట తప్పు కాలేదు. పసివాని శ్వాసనాళమునకు చికిత్స చేయునప్పుడు దీని విలువ తెలియును. ఏ ఇతర శస్త్రచికిత్సలోనైనను సర్జను పొట్ట దగ్గరనో కాలి దగ్గరనో నిలుచును, మత్తు వైద్యుడు తల దగ్గర నిలుచును. ఇచట ఇద్దరికిని కావలసినది ఆ బలపమంతటి త్రోవయే. ఒక ఒరలో రెండు కత్తులిమడవందురు. ఇచట ఇమిడి తీరవలెను. ఇద్దరికిని జోడు కుదరనిచో సర్జను ఎంతటి ఘనుడైనను బిడ్డ దక్కడు.

కంఠసర్పి కథ మిగిలియున్నది. న్యూయార్కు నగరమున అనాథ శిశువుల ఆసుపత్రిలో పనిచేసిన జోసెఫ్ ఓడ్వయర్, కోత లేకుండ నోటి గుండా చిన్న గొట్టమును స్వరపేటికలోనికి దించు పద్ధతిని యేండ్ల తరబడి శ్రమించి సాధించి 1885లో లోకమునకు తెలిపెను. 1890లో బేరింగ్, కిటసాటో అను శాస్త్రజ్ఞులు ఈ వ్యాధి విషమునకు విరుగుడు రక్తరసములో కలదని కనుగొనిరి. 1894లో ఎమిల్ రూ పారిస్ శిశు చికిత్సాలయమున దానిని మూడు వందల పిల్లలకిచ్చెను. అంతకు మున్ను అచట ఇద్దరిలో ఒకరికి పైగా మరణించెడివారు. ఆపై నలుగురిలో ఒకరికి తగ్గినది. తరువాత టీకా వచ్చినది. వ్యాధి తగ్గినకొలది గొంతు కోయవలసిన అవసరమును తగ్గినది.

మన నగరమున కంఠసర్పి పిల్లలను తీసికొనిపోవు చోటు నల్లకుంట ఫీవరాసుపత్రి. దానికి సర్ రోనాల్డ్ రాస్ పేరు పెట్టిరి. జనులు మాత్రము కోరంటి దవాఖానా యందురు. క్వారంటైను అను పరదేశపు మాట మన నాలుకలపై నలిగి నలిగి కోరంటి అయినది. ఈ వ్యాధి పాతకాలపు మాట అనుకొనువారు 2003 నుండి 2006 వరకు హైదరాబాదులో జరిగిన పరిశీలనను తెలిసికొనవలెను. అందు వ్యాధి ఎక్కువగా కనబడినది చంటిబిడ్డలలో కాదు, 5 నుండి 19 యేండ్ల వారిలో. నాలుగు లేక అంతకు మించి టీకా మోతాదులు పొందినవారిని టీకా చక్కగా కాపాడినది. చిన్ననాట మొదటి మూడు వేయించి, పిమ్మటి మోతాదులు మరచిన ఇండ్లే ఎక్కువ. ఏడాదిన్నర వయస్సునను, అయిదారేండ్లకును, మరల 10, 16 యేండ్లకును వేయవలసిన మోతాదులు ప్రభుత్వ పట్టికలోనే యున్నవి. బడిలో చేర్చునప్పుడు జన్మదిన పత్రము వెదకినంత శ్రద్ధగా ఆ టీకా కాగితమును కూడ వెదకుడు.

ఇంక రెండవ ఆపద. ఇది మన పెరటిలోనిదే.

నా బాల్యమున ఒక వేసవిలో మా మేనత్త ఇంటి అరుగుపై మేము వామనగుంటలాడుచుంటిమి. మూడేండ్ల తమ్ముడొకడు ప్రక్కన కూర్చుండి చింతగింజ నోట వేసికొనెను. ఎవరో హాస్యమాడగా పకపక నవ్వెను. నవ్వుచునే పొలమారినది. ముఖము కందగడ్డయైనది, దగ్గు, దగ్గు, పిమ్మట నెమ్మదించినది. గింజ కడుపులోనికి పోయినదని పెద్దలు తలచి అరటిపండు పెట్టిరి. వారము తిరుగకుండ జ్వరము. నెమ్ము చేసినదని ఒక వైద్యుడు మూడు వారములు సూదులు పొడిచెను. తగ్గినట్లుండును, తిరుగబెట్టును. చివరకు నగరమునకు తీసికొనిపోగా, వయస్సు మళ్లిన ఒక వైద్యుడు బిడ్డను చూడక మునుపే మా నాయనమ్మతో, “అమ్మా, జ్వరము సంగతి పిమ్మట. అంతకు ముందెన్నడైన వీనికి పొలమారినదా?” అని యడిగెను. ఆ ఒక్క ప్రశ్నతో వాని ప్రాణము నిలిచినది. చింతగింజ ఎక్స్‌రేలో సాధారణముగా కనబడదు. ఒక ఊపిరితిత్తిలో గాలి లోనికి పోవుటయే గాని బయటికి రాలేక చిక్కుబడియుండుట మాత్రము కనబడును, చూడ నేర్చినవారికి.

అట్టి గింజను తీయుటకు సాధనము బ్రాంకోస్కోపు. 1897లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరమున గుస్టావ్ కిల్లియాన్ ఒక రైతు ఊపిరి గొట్టములో చిక్కిన ఎముక ముక్కను నోటి గుండా గొట్టము పంపి తీసెను. అదే 1897 ఆగస్టులో మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని కనుగొనెను. రెండవది మనకందరకు తెలియును, మొదటిది తెలియదు. కిల్లియాన్ పద్ధతిని అమెరికాలో షెవాలియర్ జాక్సన్ ఒక శాస్త్రముగా తీర్చెను. ఆయన రోగుల గొంతుల నుండి తీసిన గుండీలు, పిన్నులు, గింజలు రెండు వేలకు పైగా ఫిలడెల్ఫియాలోని ఒక వైద్య ప్రదర్శనశాలలో సొరుగులలో నేటికిని భద్రముగా నున్నవి. మెడలో రంధ్రము ఎచట చేయవలెనో, స్వరపేటికకు మరీ దగ్గరగా ఏల చేయరాదో స్పష్టముగా చెప్పినవాడును జాక్సనే. వేరుసెనగ గింజ ఇతర గింజల వంటిది కాదని ఆయన హెచ్చరించెను. దానిలోని నూనె ఊపిరితిత్తి పొరను రేపును, గింజ తడికి ఉబ్బును, పట్టుకొనబోయిన పొడియగును. అనంతపురము మొదలు పాలమూరు వరకు పల్లీ లేని ఇల్లు లేని మనకు ఇది జాక్సను చెప్పవలసిన మాటయే కాదు. ఇంక బాలానగరు సీతాఫలముల కాలమున వాని నల్లని గింజల సంగతి వేరు. నునుపైనది, ఉబ్బదు, శ్వాసతోబాటు నాళములో పైకిని క్రిందికిని కదలుచు, తల్లి చెవి బిడ్డ నోటికి దగ్గరగా నుంచినచో టక్కు టక్కుమను చప్పుడు కూడ కొన్నిసార్లు వినబడును. అది పైకి వచ్చి స్వరపేటిక క్రింద అడ్డుపడినచో నిమిషములలో ప్రాణము పోవును.

ఇచట ఒక్కమాట చెప్పి ముందునకు సాగెదను. పొలమారిన బిడ్డ దగ్గగలుగుచున్నచో దగ్గనిండు. అంతకు మించిన వైద్యము లేదు. దగ్గు రాక, గొంతు పెగలక యున్నచో, యేడాది లోపు బిడ్డను ముంజేతిపై బోర్లించి తల దిగువకుంచి వీపుపై అయిదు దెబ్బలు, పిమ్మట వెల్లకిల త్రిప్పి రొమ్ము నడుమ అయిదు నొక్కులు. గింజ వెలువడు వరకు, లేక సహాయము వచ్చు వరకు. బిడ్డ స్పృహ తప్పినచో ఊపిరి ఊదుచు రొమ్ము నొక్కుట మొదలిడవలెను. కంటికి కనబడని గింజ కొరకు గొంతులో వ్రేలు పెట్టరాదు. వ్రేలు దానిని ఇంకను లోనికి త్రోయును. నేటి ఇండ్లలో చింతగింజలు తగ్గినవి గాని, రిమోటులలోను బొమ్మలలోను గుండీ వంటి బ్యాటరీలు వచ్చినవి. బిడ్డ మ్రింగినది అన్నవాహికలో చిక్కినచో రెండు గంటలలో పొరను కాల్చివేయ మొదలిడును. ఆ పుండు ముందునకు తొలిచి శ్వాసనాళమునకు దారి చేసిన సందర్భములు కలవు. మ్రింగినట్లు అనుమానము కలిగిన మరుక్షణమే ఆసుపత్రికి పోవలెను.

మూడవ ఆపద చిత్రమైనది. అది వైద్యము వలననే వచ్చినది.

1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెనులో పోలియో చెలరేగినది. మొదటి మూడు వారములలో ఊపిరి కండరములు చచ్చుబడిన 31 మందిలో 27 మంది మరణించిరి. ఆగస్టు 27వ తేదీన బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తు వైద్యుడు పన్నెండేండ్ల బాలికకు మెడలో గొట్టమమర్పించి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు గాలి నింపెను. ఆమె బ్రతికెను. ఆపై కొన్ని మాసములపాటు సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులు వేసికొని పగలు రాత్రి సంచులు నొక్కిరి. ఇంటెన్సివ్ కేర్ అని నేడు మనమందరము పలుకు మాటకు పుట్టిల్లు అదియే.

మరుసటి యేడు, 1953లో, మన నగరమున ఎర్రగుట్టల చెంత నిలోఫరు ఆసుపత్రి వెలసినది. ఏడవ నిజాము రెండవ కోడలు నిలోఫరు రాకుమారి, తన పరిచారిక ప్రసవమున మరణించుట చూచి, తల్లులకును పిల్లలకును ప్రత్యేక చికిత్సాలయముండవలెనని పట్టుపట్టుటయే దానికి మూలము. తనకు సంతానము లేని రాకుమారి పేరు లక్షల ఇండ్ల బిడ్డల జన్మవృత్తాంతములతో ముడిపడినది. అన్నవాహిక మధ్యలో తెగి శ్వాసనాళమునకు అతుక్కొని పుట్టిన శిశువులను బ్రతికించు శస్త్రచికిత్సను అమెరికాలో 1941లో కామెరాన్ హైట్ మొదట సాధించెను. అట్టి శస్త్రచికిత్సలు పెద్ద శిశు చికిత్సాలయములందు నిత్యకృత్యములైనది ఈ తరముననే.

1965లో మెల్బోర్ను శిశు చికిత్సాలయమునకు చెందిన మక్డొనాల్డ్, స్టాక్స్ అను వైద్యులు, మెడ కోయకుండ ముక్కు గుండా పంపిన మెత్తని ప్లాస్టికు గొట్టముతో శిశువులకు దినముల తరబడి శ్వాస నడపవచ్చునని చూపిరి. నెలలు నిండని బిడ్డలు బ్రతుకసాగిరి. అంతవరకు బాగున్నది. కాని వారాల తరబడి ఆ గొట్టము లోపల ఒరసికొనుటచే స్వరపేటిక దిగువ, ఉంగరము వలె చుట్టును మూసియున్న మృదులాస్థి దగ్గర, పుండు పడి మచ్చ కట్టి త్రోవ పూడసాగినది. ప్రాణము దక్కిన బిడ్డకు మరల మెడలో రంధ్రము తప్పలేదు. ఒక గండము దాటించిన పడవయే మరియొక గండమునకు చేర్చినది. ఇందు ఎవరి తప్పును లేదు. బ్రతికినవారికి మాత్రమే వచ్చెడి వ్యాధి ఇది.

దీనికి విరుగుడును శస్త్రవైద్యులే వెదకిరి. 1972లో టొరంటోలో ఫియరన్, కాటన్ అనువారు ఇరుకైన ఉంగరమును నిలువుగా కోసి తెరచి, ఆ సందులో మృదులాస్థిని పొదుగు పద్ధతిని తెలిపిరి. రాబిన్ కాటన్ పిమ్మట సిన్సినాటి శిశు చికిత్సాలయములో ఈ విద్యను తరముల శిష్యులకు నేర్పెను. 1993లో లొజాను వైద్యుడు మోనియే, చెడిన భాగమును తీసివేసి మంచి చివరలను కలుపుట పిల్లలలోను సాధ్యమని ప్రకటించెను. వీనియన్నిటిలో నాకు ముచ్చటగొలుపునది 1989లో లండను వైద్యులు తెలిపిన జారుడు పద్ధతి. మన శ్వాసనాళపు వలయములు గుర్రపు నాడా వలె వెనుక తెరచియుండును. కొందరు శిశువులకు పుట్టుకతోనే అవి పూర్తి గుండ్రముగా, మిక్కిలి ఇరుకుగా నుండును. సర్జను ఆ ఇరుకు నాళమును నడుమ అడ్డముగా కోయును. పై ముక్కను వెనుక వైపు, క్రింది ముక్కను ముందు వైపు నిలువుగా చీల్చును. రెండింటిని ఒకదానిపైకి ఒకటి జార్చి కుట్టును. పొడవు సగమగును, చుట్టుకొలత రెట్టింపగును, గాలి పారు చోటు నాలుగింతలగును. బయటి వస్తువు ఏదియు తేనక్కరలేదు. దర్జీవాడు పాత బట్టను త్రిప్పి కుట్టి క్రొత్త చొక్కా చేసిన నేర్పు ఇందున్నది.

త్రోవ లేనిచోట క్రొత్త శ్వాసనాళమునే తయారుచేసి అమర్చెదమని వచ్చినవారును కలరు. స్టాక్‌హోము నగరమున మాక్కియారీని అను సర్జను 2011లో ప్లాస్టికు గొట్టముపై రోగి కణములను పెంచి అమర్చినానని ప్రపంచ పత్రికలలో కీర్తి పొందెను. అతని రోగులు ఒకరి వెంట ఒకరు మరణించిరి. 2013లో అతని చేత అట్టి గొట్టము పొందిన వారిలో రెండేండ్ల పసిపిల్లయును ఉన్నది. 2023లో స్వీడను అప్పీలు న్యాయస్థానము అతనికి రెండున్నర యేండ్ల కారాగార శిక్ష విధించెను. మేమును పత్రికలవారమును ఇట్టి అద్భుతములను వినిపించుటలో చూపిన తొందర, పిమ్మటి వార్తను వినిపించుటలో చూపలేదని ఒప్పుకొనవలెను.

ఇప్పుడు మాదాపూరునకు వత్తము. 1998 నవంబరులో అచట సైబర్ టవర్స్ భవనము ప్రారంభమగు నాటికి చుట్టును రాళ్లగుట్టలు, సీతాఫలపు పొదలు. అది హైటెక్ సిటీ అయినది, సైబరాబాదు అయినది. గచ్చిబౌలి, కొండాపురము వరకు మేడలు లేచినవి. వామనగుంటల అరుగుపై పొలమారిన మా తమ్ముడే నేడచట కంప్యూటరు సంస్థలో ఉద్యోగి, ఇద్దరు బిడ్డల తండ్రి. మేడలు కట్టుటకు పాలమూరు నుండి, శ్రీకాకుళము నుండి, ఒడిషా నుండి వచ్చిన కూలీల బిడ్డలును ఆ మేడల నీడనే ఇసుకలో ఆడుచున్నారు. ఇద్దరి బిడ్డల శ్వాసనాళములును అవే 4 మిల్లీమీటర్లు.

పాత నగరపు ఏర్పాటు ఒకటి ఆలోచింపదగినది. పిల్లలకు నిలోఫరు, గొంతునకు కోఠిలోని చెవి ముక్కు గొంతు ఆసుపత్రి, అంటువ్యాధికి నల్లకుంట. ఒక్కొక్కటియు తన విద్యలో ఆరితేరినదే. తెలుగు జిల్లాలన్నిటి బరువును మోసినవే. అయినను ఊపిరాడని ఒక్క బిడ్డకు పిల్లల వైద్యుడు, గొంతు సర్జను, మత్తు వైద్యుడు, నర్సు నలుగురును ఏకకాలమున కావలెను. ఆ నలుగురు వేర్వేరు వాకిళ్లలో నున్నచో నడుమ నున్నది రోడ్డు. 1999 నవంబరు 14న బంజారా హిల్సులో రెయిన్‌బో శిశు చికిత్సాలయము మొదలైన నాటినుండి పిల్లలకు ప్రత్యేకించిన ప్రైవేటు ఆసుపత్రులు పశ్చిమపు నగరమున పెరిగినవి. నలుగురును ఒకే కప్పు క్రింద దొరకు అవకాశము అందుచే పెరిగినది. ఆ కప్పు క్రిందికి పోవుటకు డబ్బు కావలెను.

ప్రతి శిశు చికిత్సాలయములోను జారుడు పద్ధతి శస్త్రచికిత్స జరుగవలెనని నేను అనను. అది అరుదైన వ్యాధి. యేటికి ఒకటి రెండు చేయువాని చేయి తిరుగదు. గుండె ఊపిరితిత్తుల యంత్రముండి, చేయి తిరిగినవారున్న కొద్ది చోట్లకే అట్టి బిడ్డలను పంపుట మేలు. కాని నాళములోనికి తొంగి చూచుట, గింజ తీయుట, అవసరమైనప్పుడు మెడలో సురక్షితముగా రంధ్రము చేయుట సాధారణ శిశు చికిత్సాలయమునకు చేతకావలెను. పసివానికి నాళపు ముక్కను కోసి తీసివేయరు. నిలువుగా మాత్రమే చీల్చి, అంచులకు ఇరువైపుల రెండు దారములు కట్టి, రొమ్ముపై అంటించియుంచుదురు. అర్ధరాత్రి గొట్టము ఊడిపోయినచో ఆ దారములు లాగిన రంధ్రము తెరచుకొనును. ఆ దారము లాగవలసినది సర్జను కాదు, ఆ వేళ మేల్కొనియున్న నర్సు. త్రూసో కాలపు కాపలాపని ఇదియే.

ఆసుపత్రి నుండి ఇంటికి పంపిన పిమ్మట ఆ కాపలా తల్లిది. గొట్టమున్న బిడ్డ ఏడ్చినను వినబడదు. గాలి స్వరపేటికకు చేరకమునుపే మెడ గుండా పోవును. అన్నము వండుచు వంటింటి నుండి చెవియొగ్గుటకు వీలులేదు, కంటితోనే చూచుచుండవలెను. కఫము లాగు యంత్రమునకు కరెంటు కావలెను, కరెంటు పోయినప్పుడు కాలితో త్రొక్కెడిదో చేతితో నొక్కెడిదో కావలెను. బిడ్డ కొంత పెరిగి, పై త్రోవ కొంత తెరపి యిచ్చినచో గొట్టము మొగమున చిన్న కవాటము బిగింతురు. అది గాలిని లోనికి మాత్రమే రానిచ్చును. వెలుపలికి పోవలసిన గాలి స్వరపేటిక గుండా పోవును. అప్పుడు పలుకు వచ్చును. రెండేండ్లు మూడేండ్లు తన బిడ్డ గొంతు వినని తల్లి మొదటిసారి దానిని విను క్షణము ఎట్లుండునో, వినిపించుటయే వృత్తిగా గల నేను చెప్పజాలను.

ఇంటికి పంపుటకు ముందు ఆ తల్లిచేతను, మరియొక కుటుంబ సభ్యునిచేతను, నర్సు ఎదుట గొట్టము మార్పింతురు. భయపడి చేయి వణకినను వారిచేతనే చేయింతురు. పిమ్మట ఒక సంచి యిత్తురు. బిడ్డ ఎచటికి పోయిన ఆ సంచి వెంట పోవలెను. అందు కఫము లాగు సన్నని గొట్టములు, చిన్న కత్తెర, మెడకు కట్టు నాడాలు, నోటితో ఊదుటకు బదులు నొక్కెడి రబ్బరు సంచి, మార్చుటకు రెండు గొట్టములు ఉండును. ఒకటి బిడ్డ మెడలోని దాని కొలతది. రెండవది దానికంటె ఒక కొలత చిన్నది, మొదటిది దిగనప్పటి కొరకు.